ఆటలలో హక్కుల పాఠము

"హక్కు" అను మాట ఒకటవ తరగతి బాలునకు బరువైనది. రాజ్యాంగ నిబంధనలను వల్లె వేయించినచో అప్పగించునే గాని గ్రహింపడు. కాని ఆటస్థలమున నిలిచి "ఇప్పుడు నా వంతు" అని అడుగు శిశువునకు హక్కు అనగా నేమో ముందే తెలియును. దానికి పేరు చెప్పుటయే ఉపాధ్యాయుని పని. ఇందుకై మేము మూడు ఆటలను వినియోగించుచున్నాము.

మొదటిది దాగుడుమూతలు. పిల్లలు పంటలు వేసికొందురు. చివరకు పండక మిగిలినవాడే దొంగ. వాడు బలవంతుడైనను, ఉపాధ్యాయుని బిడ్డయైనను సరే. "పంటలు మాని, దొంగ యెవరో మేమే నిర్ణయింతుమా?" అని అడిగినచో పిల్లలు ఒప్పుకొనరు. నియమము అందరికిని ఒక్కటే యని అప్పుడు చెప్పుదుము.

రెండవది వామనగుంటలు. ఇరుప్రక్కల ఏడేసి చొప్పున 14 గుంటలు. ఒకరి గుంటలలో గింజలు తగ్గించి ఆట మొదలిడినచో రెండవ ఎత్తునకే తగవు పుట్టును. గెలుపు నేర్పును బట్టి యుండవచ్చును. ఆరంభము మాత్రము సమానముగా నుండవలెను. చట్టము ముందు అందరును సమానులని చెప్పు రాజ్యాంగ అధికరణము కూడ 14వదే యగుటచే పై తరగతుల పిల్లలు దానిని మరువరు.

మూడవది అన్ని ఆటలకును చెందినది. చిన్నవానిని "ఆటలో అరటిపండు" అని చేర్చుకొందురు. వాడు పరుగెత్తును, కాని వాని వంతు రాదు. "వాడు ఆడినాడా?" అని ఆట ముగిసిన పిదప అడిగి, మరునాడు వానికిని వంతు నిప్పింతుము.

ఈ పాఠము కర్ణాటకమున చిరకాలముగా స్థిరపడిన మనకును వర్తించును. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధనకు తగిన సౌకర్యములు కల్పింప రాష్ట్రములు యత్నింపవలెనని 1956లో చేర్చబడిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. పట్టికలో పేరుండి, పుస్తకమును ఉపాధ్యాయుడును లేని తెలుగు తరగతి అరటిపండు వంటిదే. పేరునకు చేర్చుట వేరు, వంతు నిచ్చుట వేరు.

ఆట హక్కుల బోధనకు సాధనము మాత్రమే కాదు, తానే యొక హక్కు. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణము దీనిని గుర్తించినది. మన దేశము 1992లో ఆ ఒడంబడికలో చేరినది. కావున పరీక్షల పేరిట ఆటల గంటను తీసివేయరాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను పిల్లలను కొట్టుటను, మానసికముగా వేధించుటను నిషేధించుచున్నది.

"అయ్యా, ఇది తొండి" అని బాలుడు ఉపాధ్యాయునితోనే వెరపు లేక చెప్పగలిగినచో పాఠము వానికి ఒంటబట్టినట్లే. తల్లిదండ్రులు ఇంటను ఈ ఆటలాడించి, బిడ్డ యిట్లు పలికినపుడు కసరక, వాని మాట ఆలకింప గోరెదము.