'చదువుకో' అనకండి... చదివి వినిపించండి!

పుస్తకం అనగానే పిల్లలు ముఖం ముడుచుకుంటున్నారా? తప్పు పుస్తకానిదీ కాదు, పిల్లలదీ కాదు. ఆ రెండింటినీ మనం పరిచయం చేసిన తీరుది!

రాత్రి ఎనిమిదైంది. హాల్లో టీవీ మోగుతోంది. నాన్న చేతిలో ఫోను. వంటింట్లోంచి అమ్మ కేకేసింది... 'ఎంతసేపురా ఆ బొమ్మలు? వెళ్లి చదువుకో!' మూడో తరగతి పిల్లాడు విసుక్కుంటూ లేచాడు. కాళ్లీడ్చుకుంటూ గదిలోకెళ్లి పుస్తకం తెరిచాడు. చూపు మాత్రం తలుపు సందులోంచి టీవీ మీదే ఉంది.

ఏ ఊళ్లోనైనా, ఏ వీధిలోనైనా కనిపించే దృశ్యమే ఇది. కానీ ఇందులోంచి పిల్లాడు నేర్చుకున్నదేమిటో ఆలోచించారా? హాయిగా గడపాలంటే టీవీ, ఫోను ఉన్నాయి. అల్లరి ఎక్కువైతే మాత్రం పుస్తకం! అంటే టీవీ బహుమానం, పుస్తకం శిక్ష. ఏళ్ల తరబడి ఇదే పాఠం చెప్పి, చివరికి 'మావాడు పుస్తకం ముట్టుకోడండీ' అని వాపోతాం.

చిక్కు కొంత మన మాటలోనూ ఉంది. పరీక్ష కోసం బట్టీ పట్టడమూ చదవడమే. కథల పుస్తకంలో మునిగిపోయి అన్నం సంగతి మర్చిపోవడమూ చదవడమే. రెంటికీ ఒకటే మాట. అయినా ఇంట్లో ఆ రెండింటికీ దక్కే మర్యాద ఒకటి కాదు. ఏ ఆదివారమో పిల్లాడు తనంతట తాను కథల పుస్తకం పట్టుకుంటే ఏమంటాం? 'చదువు మానేసి ఆ పుస్తకాలేంట్రా!' అంటాం. చదువుతున్న పిల్లాణ్ని చదవడం లేదని కోప్పడటం... వినడానికి వింతగా ఉన్నా చాలా ఇళ్లలో జరిగేది ఇదే.

మరి పుస్తకం మీద ఇష్టం ఎలా పుడుతుంది? ఆజ్ఞాపిస్తే పుట్టదు. పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపిస్తే పుడుతుంది.

చెవి ముందు... కన్ను తర్వాత

ఆరేళ్ల పిల్లకు రామాయణం కథ చెప్పి చూడండి. కళ్లింత చేసుకుని వింటుంది. బంగారు లేడి ఎందుకొచ్చిందో, హనుమంతుడు లంకను ఎలా కాల్చాడో మర్నాడు మనకే తిరిగి చెబుతుంది. అదే పిల్ల చేతికి పుస్తకం ఇచ్చి చదవమంటే... 'వి... క్ర... మా... ర్కు... డు' అని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంది. గుణింతాలు, ఒత్తులు దాటుకుని వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో మర్చిపోతుంది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. చిన్న వయసులో పిల్లలకు విని అర్థం చేసుకునే శక్తి ఎక్కువ, చదివి అర్థం చేసుకునే శక్తి తక్కువ. చదవగలిగిన పుస్తకమేమో 'అల, వల, తల' దగ్గరే ఉంటుంది. అందులో కథ ఉండదు, కాబట్టి విసుగు. ఆసక్తి కలిగించే కథేమో చదవడానికి కొరుకుడు పడదు, కాబట్టి భయం. విసుగుకీ భయానికీ మధ్య ఉన్న ఈ రెండు మూడేళ్లలోనే చాలామంది పిల్లలు పుస్తకానికి దూరమవుతారు. ఆ వాగు మీద వేయాల్సిన వంతెన పెద్దవాళ్ల గొంతు!

కానీ మనం చేసేది సరిగ్గా దీనికి విరుద్ధం. అక్షరాలు రానంతకాలం కథలు చెబుతాం. అక్షరాలు రాగానే 'ఇక నువ్వే చదువుకో' అని చేతులు దులుపుకుంటాం. ఫ్రెంచి నవలా రచయిత డేనియల్ పెనాక్ చాలాకాలం బడిలో పాఠాలు చెప్పారు. పిల్లలు పుస్తకానికి ఎందుకు దూరమవుతారన్న విషయం మీద 1992లో ఏకంగా ఒక పుస్తకమే రాశారు. నిద్రపుచ్చుతూ కథ చదివిపెట్టిన అమ్మానాన్నలే, బడి మొదలయ్యాక లెక్కలడిగే మేస్టర్లుగా మారిపోతారని అందులో చెప్పారు. పాఠకులకు కొన్ని హక్కులున్నాయన్నారు కూడా. నచ్చకపోతే చదవకపోవడం, పేజీలు వదిలేయడం, సగంలో ఆపేయడం, చదివిందే మళ్లీ చదవడం... ఇవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. ఈ హక్కుల్ని పెద్దవాళ్లుగా మనం అనుభవిస్తూనే ఉంటాం. పిల్లలకిచ్చే విషయంలోనే చెయ్యి రాదు!

మూడో తరగతి మలుపు

గ్రామీణ ప్రాంతాల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును పరీక్షించే 'అసర్' సర్వే 2024 నివేదిక ప్రకారం, దేశంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్లు 27.1 శాతమే. ఐదో తరగతికి వచ్చినా సగం మంది లేరు... 48.8 శాతం.

నాలుగో తరగతి నుంచి సైన్సు, సాంఘికం, లెక్కల్లో పెద్ద పెద్ద ప్రశ్నలు... అన్నీ చదివి అర్థం చేసుకోవాల్సినవే. చదవడం తడబడితే అన్ని సబ్జెక్టులూ తడబడతాయి. చదవగలిగే పిల్లలు ఇష్టంగా ఎక్కువ చదువుతారు, దాంతో ఇంకా బాగా చదువుతారు. రానివాళ్లు తప్పించుకుంటారు, ఇంకా వెనకబడతారు. ఇద్దరి మధ్యా దూరం ఇలా ఏటేటా పెరిగే తీరును కీత్ స్టానోవిచ్ అనే పరిశోధకుడు 1986లోనే వివరించారు. ఉన్నవాడికే మరింత వచ్చి చేరినట్టన్నమాట.

అందుకే ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. పుట్టినప్పటి నుంచే పిల్లలకు చదివి వినిపించమని అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం 2014లో తల్లిదండ్రులకు సూచించింది. నెలల పిల్లలకు కథేం అర్థమవుతుంది అనుకోవద్దు. అమ్మ గొంతు, నాన్న ఒడి, రంగురంగుల బొమ్మ... ఈ మూడూ కలిసిన వస్తువు పుస్తకమని తెలుస్తుంది. ఆ వయసుకు అది చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలూ ఇదే మాట చెబుతున్నాయి. ఏడాదిలోపు పిల్లలకు టీవీ, ఫోను అసలే వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు గంటకు మించొద్దు. కూర్చోబెట్టాల్సి వస్తే పుస్తకం చదివి పెట్టండి, కథ చెప్పండి అంటున్నాయి.

భేతాళుడే గురువు!

చదివి వినిపించడానికి రంగస్థల నటులు కానక్కర్లేదు. పులి వచ్చినప్పుడు గొంతు కాస్త పెంచి, కుందేలు మాట్లాడినప్పుడు కాస్త తగ్గిస్తే చాలు. చదువుతున్న వరుస కింద వేలు కదిలిస్తుంటే విన్న మాటకూ అచ్చులో ఉన్న మాటకూ పిల్లలే లంకె వేసుకుంటారు.

ఉత్కంఠ ఎలా నిలపాలో భేతాళుడి దగ్గర నేర్చుకోవచ్చు. 1947 జులైలో మద్రాసులో తెలుగు, తమిళ భాషల్లో మొదలైన 'చందమామ' కొన్ని తరాల పిల్లల్ని పాఠకుల్ని చేసింది. అందులోని భేతాళ కథ ప్రతిసారీ ఒక ప్రశ్న దగ్గర ఆగేది. విక్రమార్కుడు జవాబు చెప్పాక గానీ ముడి వీడేది కాదు. ఇంట్లోనూ అలాగే ప్రశ్న దగ్గర పుస్తకం మూసేసి 'నువ్వైతే ఏం చెప్పేవాడివి?' అని అడిగి చూడండి. పిల్లల జవాబు విక్రమార్కుడి జవాబు కన్నా గమ్మత్తుగా ఉండొచ్చు!

అయితే ఈ ప్రశ్న సరదా కోసమే. కథ అవగానే 'ఇందులో నీతేమిటి? ఆ రాజు పేరేంటి? స్పెల్లింగు చెప్పు' అని మొదలుపెడితే ఇల్లు కూడా బడైపోతుంది. విన్న కథే పదోసారి చదవమన్నా విసుక్కోకూడదు. మాటలన్నీ నోటికొచ్చేశాక, ఆ పేజీని తామే చదువుతున్నట్టు నటిస్తారు. ఆ నటనే నెమ్మదిగా నిజం చదువవుతుంది.

గుజరాత్‌కు చెందిన విద్యావేత్త గిజుభాయి బధేకా (1885-1939) రాసిన 'దివాస్వప్న' ఇందుకు మంచి ఉదాహరణ. 'పగటికల' పేరుతో తెలుగులోకీ వచ్చింది. ప్రయోగం చేయాలనుకుని బడిలో చేరిన ఒక ఉపాధ్యాయుడి కథ అది. మొదటిరోజు పిల్లలు అతని మాటే వినరు. బెత్తం పట్టుకోకుండా కథ అందుకుంటాడు. అల్లరి క్లాసంతా చెవులు రిక్కిస్తుంది. ఆ తర్వాతే మిగతా పాఠాలు!

పుస్తకం పడవెక్కింది

తాళం వేసిన అద్దాల బీరువాలో, అందనంత ఎత్తున పుస్తకాలు పెట్టి పిల్లలు చదవడం లేదంటే ఎలా? పుస్తకం పాఠకుడి దగ్గరకు వెళ్లాలన్న సంగతి మన పెద్దలు ఏనాడో గుర్తించారు. గ్రంథాలయోద్యమం ఉద్ధృతంగా సాగిన రోజుల్లో, 1935లో గుంటూరు జిల్లా పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిచింది. పల్లెల్లోని చదువరుల కోసం పుస్తకాలే పడవెక్కి వెళ్లాయి! హాల్లోంచి పడకగదిలోకి నాలుగు పుస్తకాలు మార్చడం అంతకన్నా కష్టమా?

పిల్లల చేతికందే ఎత్తులో ఒక అర, లేదా ఒక అట్టపెట్టె చాలు. ముఖచిత్రం కనిపించేలా పెట్టాలి. చిరిగితే చిరగనివ్వండి, అతికించుకోవచ్చు. ముట్టుకోని కొత్త పుస్తకం కన్నా నలిగిన పుస్తకమే ఇంటికి అందం.

ఖర్చు గురించి బెంగ అక్కర్లేదు. ఇంటి పన్నుతో పాటు మనం గ్రంథాలయ సెస్సూ కడుతున్నాం. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చిన గ్రంథాలయాల చట్టం పుణ్యమది. డబ్బు కట్టి పుస్తకం తెచ్చుకోకపోవడం ఎవరి నష్టం? ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. ఆ వారంలో పిల్లల్ని తీసుకెళ్లి సభ్యత్వం వాళ్ల పేరునే తీసుకోండి. సొంత కార్డు చూసి పొంగిపోతారు. 1957లో ఏర్పాటైన నేషనల్ బుక్ ట్రస్టు పిల్లల పుస్తకాలు తెలుగులోనూ తెచ్చింది. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన 'స్టోరీవీవర్'లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. నచ్చినవి ప్రింటు తీసి దారంతో కుట్టుకుంటే ఇంట్లోనే పుస్తకం తయారు!

ఏ పుస్తకమన్నది మాత్రం పిల్లల్నే ఎంచుకోనివ్వాలి. ఒకరికి తెనాలి రామలింగడు, ఇంకొకరికి డైనోసార్లు, మరొకరికి క్రికెట్. ముళ్లపూడి వెంకటరమణ రాసి, బాపు బొమ్మలేసిన 'బుడుగు'ను పైకి చదివితే పిల్లల కన్నా ముందు పెద్దవాళ్లే పడీపడీ నవ్వుతారు. ఆ నవ్వు చూస్తే చాలు... పుస్తకంలో ఏదో ఉందని పిల్లలకు తెలిసిపోతుంది.

తెలుగా... ఇంగ్లిషా?

ఇంగ్లిషు మీడియంలో చదివే పిల్లలకు తెలుగు కథలెందుకన్నది చాలామంది సందేహం. పిల్లాడు ఇంట్లో మాట్లాడేది తెలుగు. కలలు కనేదీ తెలుగులోనే. తెలుసున్న మాట అచ్చులో కనిపిస్తే ఇట్టే పోల్చుకుంటాడు. తెలియని భాషలో ముందు మాట తెలియాలి, తర్వాత అక్షరం తెలియాలి, ఆపైన కథ తెలియాలి. బరువు మూడింతలు! కథను ఊహించడం, ముందేం జరుగుతుందో పసిగట్టడం ఒక భాషలో అలవాటైతే రెండో భాషకూ పనికొస్తుంది. కాబట్టి రెండూ చదవనివ్వండి. తెలుగును మాత్రం వదలొద్దు. లేకపోతే రేపు తాతయ్య దాచుకున్న డైరీ చేతికిచ్చినా, మనవడికి అది బొమ్మల్లేని బొమ్మల పుస్తకమే!

చాక్లెట్ ఆశ చూపొచ్చా?

'పుస్తకం పూర్తిచేస్తే చాక్లెట్... పది పుస్తకాలకు సైకిల్!' ఇదీ కొందరి మంత్రం. దీని ఫలితం తెలుసుకోవాలంటే 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని ఓ నర్సరీ బడిలో చేసిన ప్రయోగం చూడాలి. స్కెచ్ పెన్నులతో బొమ్మలేయడమంటే ఇష్టపడే పిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పారు. ఇచ్చారు కూడా. తర్వాత గమనిస్తే, ఆ పిల్లలు బొమ్మలు వేసే సమయం ఏ బహుమతీ లేనివాళ్లతో పోలిస్తే దాదాపు సగమే! ఇష్టంగా చేసే పనికి కూలి కట్టేసరికి అది పనైపోయింది. పుస్తకానికి పుస్తకమే బహుమతి కావాలి. పుట్టినరోజుకు బట్టలతో పాటు ఒక కథల పుస్తకం, మొదటి పేజీలో అమ్మానాన్నల చేతిరాతతో నాలుగు మాటలు... అది ఎన్నేళ్లయినా దాచుకునే కానుక.

తీరికెక్కడుంది?

ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో ఇదే అసలు ప్రశ్న. గంటలు గంటలు అక్కర్లేదు. పడుకునే ముందు 15 నిమిషాలు... అంతే! ఏడాదికి లెక్కేస్తే 91 గంటలు. ఆ 15 నిమిషాలూ టీవీ కట్టేయాలి. ఫోను వేరే గదిలో ఉండాలి. మన ఫోన్లతో సహా! రోజూ ఒకేవేళకు చదివితే పిల్లలే గుర్తుచేస్తారు. అమ్మకు కుదరని రోజు నాన్న, నాన్నకు కుదరకపోతే అక్క. చదువురాని నానమ్మ ఉంటే ఇంకా మంచిది. ఆవిడ కథ చెబుతుంది, మనవరాలు ఆవిడకు పుస్తకం చదివి వినిపిస్తుంది. తప్పులు పట్టకుండా 'ఆ, తర్వాత?' అనే శ్రోత కన్నా పిల్లలకు కావాల్సిందేముంది?

పిల్లలు తమంతట తాము చదవడం మొదలుపెట్టాకా ఈ అలవాటు మానొద్దు. ఒక పేజీ మీరు, ఒక పేజీ వాళ్లు. పదేళ్లొచ్చినా, పన్నెండేళ్లొచ్చినా... వాళ్లు వద్దనేదాకా!

ఇప్పుడు మళ్లీ ఆ ఇంటికే వెళ్దాం. రాత్రి ఎనిమిదిన్నర. టీవీ ఆగిపోయింది. ఫోను హాల్లోనే ఉండిపోయింది. 'రారా, చదివి పెడతా' అంది అమ్మ. పిల్లాడు దుప్పట్లోకి దూరాడు. చెట్టు మీది శవాన్ని దించి భుజాన వేసుకుని రాజు నడుస్తున్నాడు. భేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేశాడు. అమ్మ పుస్తకం మూసేసింది. 'మిగతాది రేపు...'

మర్నాడు పొద్దున్నే బ్రష్షు నోట్లో పెట్టుకుని, నిన్నటి పేజీ కోసం వెతుకుతూ కనిపిస్తాడు చూడండి. 'చదువుకో' అని ఎవరూ అనకుండానే!