కుస్కో గోడలు ఎందుకు కూలలేదు?

పెరూలోని కుస్కో నగరం ఆండీస్ కొండల నడుమ దాదాపు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. ఇన్కాల రాజధాని అదే. 1533లో దాన్ని చేజిక్కించుకున్న స్పెయిన్‌వాళ్ల హయాంలో డొమినికన్ సన్యాసులు కొరికాంచ అనే సూర్యదేవాలయపు గోడల మీదే మఠం కట్టుకున్నారు. 1650 నాటి భూకంపం నగరాన్ని నేలమట్టం చేసినంత పని చేసింది. 1950 మే 21న మళ్లీ భూమి కంపించినప్పుడు మఠం బాగా దెబ్బతింది. దాని కింద, వెనక మరుగునపడ్డ ఇన్కా గోడలు మాత్రం చెక్కుచెదరక బయటపడ్డాయి. ఈ తేడాకు కారణం మహిమ కాదు, కట్టడపు తీరే. రాళ్ల మధ్య సున్నం లేదు కాబట్టి కుదుపు వచ్చినప్పుడు అవి ఒకదానితో ఒకటి రాసుకుంటూ ఆ శక్తిని కొంత మింగేస్తాయి. గోడలు అడుగున మందంగా ఉండి పైకి పోయేకొద్దీ లోపలికి వాలతాయి. ద్వారాలు, గూళ్లు కూడా పైన ఇరుకు, కింద వెడల్పు. హతున్ రుమియోక్ వీధిలో పన్నెండు మూలల రాయి ఒకటుంది. చుట్టూ ఉన్న రాళ్లు దాని మూలల్లోకి ఒదిగిపోయాయి. అలాంటి గోడలో నిలువు పగులు తిన్నగా సాగడానికి దారి దొరకదు.

ఇనుము ఎరగనివాళ్లు ఇంత పనితనం ఎలా చూపారన్న ప్రశ్నకు గ్రహాంతరవాసుల్ని దించేవాళ్లున్నారు. జాన్ పియర్ ప్రొట్జెన్ అనే వాస్తుశిల్పి ఆ మాట వినకుండా రాతి గనులకే వెళ్లాడు. రుమికోల్కలో సగం చెక్కిన రాళ్లు, వాటి పక్కనే చెక్కడానికి వాడిన గుండ్రాళ్లు కనిపించాయి. తానే గుండ్రాయి పట్టి ఆండసైట్ బండను కొట్టి చూస్తే చదును తేలింది. ఇన్కా రాళ్ల మీది గుంటలు నడుమ పెద్దవిగా, అంచుల దగ్గర సన్నగా ఉండటానికి కారణమూ అక్కడే దొరికింది: అంచులకు చిన్న రాయి వాడాలి. కత్తి మొన దూరదని గైడ్లు చెప్పే అతుకు సంగతి కూడా చూడాలి. కొన్ని గోడల్లో నిలువు అతుకులు ముఖం దగ్గర కొన్ని సెంటీమీటర్ల మేరే బిగువు. బరువు మోసే అడ్డు అతుకుల దగ్గరే అసలు శ్రమ పడ్డారు.

ఇక్కడొక గట్టి అభ్యంతరం ఉంది. నిలిచినవే మన కంటబడుతున్నాయి గనుక ఇన్కాల కట్టడాలన్నీ గట్టివనుకుంటున్నామేమో? నిజమే. మామూలు జనం ఇళ్లు మట్టి ఇటుకలతో, గడ్డి కప్పుతో కట్టినవి, అవి పోయాయి. మఠపు ఎత్తయిన గంటల గోపురాన్ని పొట్టి ఇన్కా గోడతో పోల్చడమూ అంత న్యాయం కాదు. అయినా ఒకే నేల, ఒకే కుదుపు, పైగా పైనున్న మఠం బరువు మోస్తూ కొరికాంచ గోడ నిలిచిందంటే దాన్ని అదృష్టం కింద కొట్టిపారేయలేం. భూకంపం చేయలేని పని మనుషులు చేశారు. ఇన్కాల సక్సాయ్‌వామన్ కోట రాళ్లలో మోయగలిగినవన్నీ కుస్కో కెథడ్రల్ వంటి కట్టడాలకు తరలిపోయాయి. అక్కడ మిగిలినవి చాలావరకు, వంద టన్నులు దాటినవాటితో సహా, కదల్చడానికి ఎవరికీ చేతకానివే.