నాగజెముడును తినే రెక్కలపురుగు

నాగజెముడు కంచెలున్న పల్లెలలోని పిల్లలకు రెండు సంగతులు ఎవరూ చెప్పకుండానే తెలుస్తాయి. దాని ఎర్రని పండు తినదగినదని ఒకటి. దాని నూగుముల్లు వేలిలో దిగితే ఒక పట్టాన రాదని రెండవది. మూడవ సంగతి మాత్రం బడిలో చెప్పవలసినదే. ఆకులవలె కనిపించే ఆ దళసరి పలకలు ఆకులు కావు, కాండపు భాగాలు. ఒక పలక విరిగి నేలమీద పడితే చాలు, వేళ్లూని వేరొక మొక్క అవుతుంది. మన పొలాల గట్లమీద పుట్టిపెరిగినదానివలె కనిపించే ఈ మొక్క నిజానికి అమెరికా ఖండాల నుండి వచ్చినది.

పుట్టినచోట దానిని తినే పురుగులు అనేకం ఉన్నవి. ఓడలెక్కి పరదేశాలకు పోయినప్పుడు మొక్క ఒక్కటే పోయింది, పురుగులు వెంటరాలేదు. దీని ఫలితం ఆస్ట్రేలియా అనుభవించినంతగా మరి ఏ దేశమూ అనుభవించలేదు. అక్కడ కంచెలకని నాటిన నాగజెముడు 1925 నాటికి సుమారు 6 కోట్ల ఎకరాలను ఆక్రమించింది. విభజనకు ముందటి ఆంధ్రప్రదేశ్ మొత్తం వైశాల్యం 6 కోట్ల 80 లక్షల ఎకరాలని గుర్తుంచుకుంటే ఇది ఎంతటి విపత్తో బోధపడుతుంది. అందులో సగం నేలలో మనిషి గాని పశువు గాని దూరలేనంత దట్టమైన పొదలు. నరికితే ముక్కలు మొలిచేవి. పాషాణపు మందులు చల్లితే ఖర్చు నేల ఖరీదును మించేది. రైతులు ఇళ్లు వాకిళ్లు వదలి వెళ్లిపోయారు.

క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం 1912లో ఇద్దరు శాస్త్రజ్ఞులను నాగజెముడు శత్రువులను వెదకుటకు దేశాలమీదికి పంపింది. వారి ప్రయాణంలో భారతదేశం, సింహళం కూడా ఉన్నవి. మన దేశంలో 1795లోనే, ఎర్రరంగు తీయుటకని తెప్పించిన కొచ్చినీల్ పురుగు ఒకటి రంగుకు పనికిరాకపోయినా ఒకజాతి నాగజెముడును తుడిచిపెట్టి ఉన్నది. ఆ శాస్త్రజ్ఞులు దక్షిణ అమెరికా నుండి తెచ్చిన ఒక రెక్కలపురుగు పిల్లలు మాత్రం బ్రతకలేదు. ఆ పురుగుపేరే కాక్టోబ్లాస్టిస్ కాక్టోరం. పదేళ్లకు పైగా గడచిన తరువాత, 1925లో, అలన్ డాడ్ అనే శాస్త్రజ్ఞుడు అర్జెంటీనా నుండి దాని గుడ్లను మరల పంపాడు. వచ్చిన గుడ్లు 3 వేలకు మించవు.

చూచుటకు ఇది ఏ విశేషమూ లేని పురుగు. రెక్కలు చాచితే అంగుళం, అంగుళంన్నర. రంగు బూడిదకు గోధుమవన్నె కలిసినట్లుంటుంది. రెక్కలు వచ్చిన తరువాత ఇది ఆహారమే తీసుకోదు. వారం పది రోజుల బ్రతుకు. ఆ కొద్ది రోజులలో ఆడపురుగు చేయవలసిన పని సరియైన మొక్కను వెదకి గుడ్లు పెట్టుట. చీకటిలో అది నాగజెముడును గుర్తుపట్టే తీరు జీవశాస్త్రంలోని ముచ్చటైన విషయాలలో ఒకటి.

సామాన్యపు మొక్కలు పగలు పత్రరంధ్రాలు తెరచి బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటాయి. రాత్రి శ్వాసక్రియవల్ల ఆ వాయువునే కొంత విడుస్తాయి. ఎడారి మొక్క పగటి ఎండలో రంధ్రాలు తెరిస్తే ఉన్న నీరంతా ఆవిరి అయిపోతుంది. కాబట్టి నాగజెముడు ఈ క్రమాన్ని తలక్రిందులు చేసింది. రంధ్రాలను రాత్రిపూట తెరచి, వాయువును ఆమ్లరూపంలో నిలవచేసుకుని, తెల్లవారిన తరువాత వెలుతురులో వాడుకుంటుంది. అందువల్ల రాత్రివేళ దాని పలకను ఆనుకుని ఉన్న గాలిలో బొగ్గుపులుసు వాయువు చుట్టుపట్ల కంటె ఒక పిసరు తక్కువగా ఉంటుంది. ఆడపురుగు నోటివద్ద ముందుకు పొడుచుకొని వచ్చిన రెండు స్పర్శాంగాలు ఉన్నవి. ఈ స్వల్పభేదాన్ని కనిపెట్టే జ్ఞానేంద్రియం వానిలో ఇమిడి ఉన్నది. పురుగు పలకమీద నడుస్తూ, ఆ అంగాలతో తాకి చూస్తూ పోతుంది. వాయువును బాగుగా పీల్చుకునే పలక అంటే ఆరోగ్యంగా ఉన్న పలక. పిల్లలకు తిండి అక్కడ పుష్కలం. ఈ సంగతిని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 1990లలో ప్రయోగాలు చేసి చూపారు. మన ప్రయోగశాలలలో సున్నపు తేటతో పరీక్షించే వాయువును ఆ పురుగు మూతితో కొలుస్తున్నదన్నమాట.

గుడ్లు పెట్టుట కూడా చిత్రమే. రూపాయి బిళ్లలు దొంతి పెట్టినట్లు ఒకదానిమీద ఒకటిగా 70, 80 గుడ్లు పేర్చి అంగుళం పొడవు పుల్లను తయారుచేస్తుంది. ముళ్లమధ్య అదీ ఒక ముల్లువలె ఉంటుంది. సుమారు నెలరోజులకు పిల్లలన్నీ వెలువడి ఒకేచోట చేరి ఒకే కన్నం తొలుస్తాయి. ఇది అవసరం. గాయపడిన పలకనుండి జిగురు ఊరి వచ్చి ఒంటరి పురుగును ముంచివేస్తుంది. గుంపుగా తొలిస్తే ముందున్న కొన్ని జిగురులో చిక్కి చచ్చినా మిగిలినవి లోపలికి చేరుకుంటాయి. నారింజరంగుమీద నల్లని పట్టెలున్న ఈ గొంగళిపురుగులు లోపలి గుజ్జునంతా తిని, పలుచని తోలుసంచిని మాత్రం మిగిల్చి మరొక పలకకు పోతాయి. మిగిలిన పని కుళ్లు చేస్తుంది. ఎదిగిన పురుగులు నేలమీది చెత్తలో గూడు అల్లుకుంటాయి.

ఆకలితో మాడ్చినా ఇవి పంట మొక్కలను తిని బ్రతకలేవని పరీక్షించి చూచిన తరువాతనే 1926లో వీనిని పొలాలలో వదలారు. గుడ్లపుల్లలను కాగితపు గొట్టాలలో పెట్టి రైతులకు పంచగా, వారు వానిని పొదలకు గుచ్చారు. పొదలు కూలినవి. తిండి అయిపోయి పురుగులు మాడిపోగానే మొదళ్లనుండి పిలకలు వచ్చినవి. అందరూ బెదరిపోయారు. కాని మిగిలిన కొద్ది పురుగులే మరల పెరిగి పిలకలను తినివేసినవి. 1933 నాటికి క్వీన్స్‌లాండ్‌లోని దట్టమైన పొదలలో చాలాభాగం లేకుండాపోయింది. బూనార్గా అనే ఊరివారు 1936లో ఒక సమావేశమందిరం కట్టి దానికి ఈ పురుగుపేరే పెట్టారు.

ఆస్ట్రేలియాలో పుట్టిన నాగజెముడు జాతి ఒక్కటి కూడా లేదు. ఆ సౌకర్యం అన్నిచోట్లా ఉండదు. 1957లో దక్షిణాఫ్రికా నుండి ఈ పురుగును కరీబియన్ సముద్రంలోని నీవిస్ ద్వీపానికి తీసికొనిపోయారు. అక్కడి నాగజెముడు ఆ నేలలో పుట్టినదే. పశువులు అతిగా మేసిన బీళ్లలో కలుపై పెరిగినది. పురుగు ఆ పని చేసిపెట్టింది. కాని ద్వీపంనుండి ద్వీపానికి పాకి 1989లో ఫ్లారిడా చేరింది. అక్కడ కొద్ది మొక్కలే మిగిలిన ఒక అరుదైన జాతికి అది ముప్పు తెచ్చింది. ఆ తీరంవెంట పడమటికి పోతే వచ్చేది మెక్సికో. అక్కడివారికి నాగజెముడు కలుపు కాదు, పంట. లేత పలకలు కూర వండుకుంటారు, పండ్లు అమ్ముకుంటారు, ఎండకాలంలో పశువులకు మేపుతారు. జాతీయ పతాకంమీద గ్రద్ద వాలి ఉన్నది దానిమీదనే.

2006లో ఈ పురుగు మెక్సికోకు చెందిన ఇస్లా ముహేరెస్ అనే చిన్న ద్వీపంలో కనబడింది. దానిని నిర్మూలించగలిగామని 2009లో ప్రకటించారు. ఇందులో సంతానోత్పత్తి శక్తి లేకుండా చేసిన పురుగులను వదలుట ఒక భాగం. పెద్దభాగం మాత్రం కూలి పనివంటిదే. మనుషులు మొక్క మొక్క వద్దకు పోయి, పురుగుపట్టిన పలకలను కోసివేసి, ముళ్లలో ముల్లుగా ఉన్న గుడ్లపుల్లలను ఒక్కొక్కటిగా వెదకి ఏరివేశారు.