నలభై ఎనిమిదో ఏట చేతికొచ్చిన కెమెరా

'పిల్లలు పెద్దవాళ్లయిపోయారు, ఇక కొత్తగా నేర్చుకునేదేముంది?' అనుకుంటున్నారా? అయితే జూలియా మార్గరెట్ కామెరాన్ గురించి తెలుసుకోండి.

ఈమె 1815లో కలకత్తాలో పుట్టింది. 1863లో, ఇంగ్లండ్‌లోని వైట్ దీవిలో ఉండగా, కూతురూ అల్లుడూ కాలక్షేపానికని ఓ కెమెరా బహుమతిగా ఇచ్చారు. అప్పటికామెకు 48 ఏళ్లు.

ఇంకేం! బొగ్గుల కొట్టు డార్క్‌రూమ్ అయింది. కోళ్ల షెడ్డు స్టూడియో అయింది. ఇంటి పనిమనిషి మేరీ హిల్లియర్ ఎన్నో ఫొటోల్లో మేరీమాత అయింది.

పని మాత్రం తేలిక కాదు. గాజు పలకకు మందు పూసి, అది ఆరేలోగా ఫొటో తీసి కడగాలి. ఆ మందులతో చేతులు నల్లబడేవి. తీసిన మొట్టమొదటి ఫొటోను పొరపాటున తన చేత్తోనే చెరిపేసుకుంది! 1864 జనవరిలో ఆనీ అనే పాప ఫొటో చక్కగా కుదిరింది.

ముఖాలు మసగ్గా ఉన్నాయని విమర్శకులు వెక్కిరించారు. ఆమె లెక్కచేయలేదు. లెన్సు తిప్పుతూ, కంటికి అందంగా కనిపించిన చోటే ఆపేది. చివరికి ఆ మసకే ఆమె ప్రత్యేకత అయింది. డార్విన్, టెన్నిసన్‌లాంటి మహామహులు ఆమె కెమెరా ముందు కూర్చున్నారు. 1879లో సిలోన్‌లో కన్నుమూసింది.

మరి మీ సరదా ఏది, ఏ అటక మీదుంది? ఓసారి దించి దుమ్ము దులపండి!