చెంచాడు పొట్టు, చేటెడు ఆశ

మా పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతాల్లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగాలు ఎక్కువయ్యాయి. వాటితోపాటు బొజ్జలూ పెరిగాయి. తగ్గడానికి ఏమిటి మార్గమంటే, ఇసబ్‌గోల్ పొట్టు చూపించేవారు నాకు తెలిసినవారిలోనే అరడజను మంది ఉన్నారు.

అసలీ పొట్టు చేసే పనేమిటి? నీళ్లు పీల్చుకుని జిగురులా ఉబ్బుతుంది. కడుపు నిండినట్టుంటుంది, ఆకలి కొంత మందగిస్తుంది. అంతేగాని ఒంట్లోని కొవ్వును కరిగించే మహిమ దానికి లేదు. నీటిలో కరిగే పీచుపై బరువెక్కువైన 609 మందితో జరిగిన 12 పరీక్షలను 2017లో శాస్త్రజ్ఞులు కలిపి చూశారు. పీచు తీసుకున్నవారు తీసుకోనివారికంటే సగటున రెండున్నర కిలోలు తగ్గారు. తిండి తగ్గించకుండా జిగురు పీచు తీసుకున్నవారి సంగతి 2020లో 62 పరీక్షలను కలిపి లెక్కగడితే, ఆ తేడా కిలోలో మూడో వంతే!

పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు, అదీ ఆహారంలో సహజంగా ఉన్నదే, కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్లబియ్యంలో పీచు 3 గ్రాములకు లోపే. జొన్నల్లో 10 గ్రాములు. ఆ జొన్న మనకు పరాయిదా? 1972లో మా ఊళ్లో వెలసిన ఇక్రిశాట్ పరిశోధన చేసే పంటల్లో జొన్న, సజ్జ, కంది, శనగ ఉన్నాయి. జహీరాబాదు వైపు జొన్నరొట్టె కొత్త వంటేమీ కాదు.

అయితే అన్నం తిన్నాక రొట్టె అదనంగా తింటే లాభం లేదు సుమండీ! అన్నం తగ్గించి ఆ చోట రొట్టె, పక్కన ఆకుకూర పప్పు ఉండాలి. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది, మెల్లగా పెంచాలి.

మా పక్కవాటా పెద్దమనిషికి చక్కెర జబ్బు. "పొట్టు తాగుతున్న గద తమ్మీ, ఇంక గోలీలెందుకు?" అన్నారొకనాడు. వదినగారి గుండెలో రాయి పడింది. ఆయనను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లాం. బిళ్లలు మానరాదని డాక్టరు గట్టిగా చెప్పారు. పొట్టుకూ ఇతర మందులకూ రెండు గంటల ఎడం ఉండాలి. నిండు గ్లాసు నీళ్లతోనే తాగాలి. లేకుంటే గొంతులో అడ్డం పడవచ్చు. మింగడం కష్టమైనవారు, పేగుల్లో అడ్డంకి ఉన్నవారు దాన్ని ముట్టరాదు.

గృహిణులు వారానికి నాలుగు రాత్రులైనా అన్నానికి బదులు రొట్టె వడ్డించి చూడండి. డబ్బాకయ్యే ఖర్చుతో కూరగాయలు వస్తాయి.