మందు మొదలుపెట్టకముందే లొంగని హెచ్‌ఐవీ: జన్యు పరీక్ష ఏం చెబుతుంది?

హెచ్‌ఐవీ సోకినట్లు తేలి, ఇంకా ఒక్క మాత్ర కూడా వేసుకోని వ్యక్తిలోని వైరస్ మందులకు లొంగకపోవచ్చా? లొంగకపోవచ్చు. ఆ సంగతిని ముందే తెలుసుకునేందుకు ఉన్న సాధనమే ఔషధ నిరోధకత జన్యు పరీక్ష.

నిరోధకత ఎలా వస్తుంది?

హెచ్‌ఐవీ తన జన్యు సమాచారాన్ని రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ అనే ఎంజైము సాయంతో నకలు తీసుకుంటుంది. ఆ నకలులో దొర్లే తప్పులను సరిదిద్దే శక్తి ఈ ఎంజైముకు లేదు. అందువల్ల వైరస్ నిరంతరం మారుతూ ఉంటుంది. మందులు సక్రమంగా వాడనివారిలో, వాటిని తట్టుకోగల వైరస్ పైచేయి సాధిస్తుంది. అదే వైరస్ మరొకరికి సోకితే నిరోధకత కూడా దానితోపాటే సంక్రమిస్తుంది.

పరీక్షలో చూసేదేమిటి?

రక్త నమూనా నుంచి వైరస్ ఆర్‌ఎన్‌ఏను వేరుచేసి, మందులు పనిచేసే ఎంజైములకు చెందిన జన్యు క్రమాన్ని చదువుతారు. రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్‌లో 103వ స్థానాన ఉండవలసిన లైసిన్‌కు బదులు ఆస్పరాజిన్ చేరితే చాలు, ఎఫావిరెంజ్, నెవిరపిన్ మందులు పనిచేయవు. దీన్నే కె103ఎన్ మార్పు అంటారు.

ఈ పరీక్షకూ పరిమితులున్నాయి. రక్తంలోని వైరస్‌లో సుమారు 20 శాతం కంటే తక్కువగా ఉన్న రకాలను సాధారణ పద్ధతి గుర్తించలేకపోవచ్చు. కాలం గడిచేకొద్దీ కొన్ని మార్పులు మరుగున పడతాయి. అందుకే వ్యాధి నిర్ధారణ జరిగిన తొలి రోజుల్లోనే నమూనా తీయడం మేలు.

అందరికీ అవసరమా?

అమెరికా మార్గదర్శకాలు కొత్తగా వైద్యానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఈ పరీక్షను సూచిస్తాయి. ఖర్చు, ప్రయోగశాలల కొరత దృష్ట్యా అనేక దేశాలు ఎంపిక చేసిన నమూనాలపై సర్వేలతోనే నిరోధకత తీవ్రతను అంచనా వేస్తాయి. చికిత్సకు ముందే ఎఫావిరెంజ్ లేదా నెవిరపిన్‌కు నిరోధకత 10 శాతానికి చేరిన దేశాలు తొలి దశ మందులను మార్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో సూచించింది. 2019లో డోలుటెగ్రావిర్‌తో కూడిన చికిత్సకు ప్రాధాన్యమిచ్చింది. ఈ మందు ఇంటిగ్రేజ్ అనే వేరొక ఎంజైమును అడ్డుకుంటుంది కనుక కె103ఎన్ మార్పు దీని పనికి ఆటంకం కాదు. భారత్ కూడా టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్రను జాతీయ కార్యక్రమంలో ప్రవేశపెట్టింది.

2021 జాతీయ అంచనాల ప్రకారం వయోజనుల్లో హెచ్‌ఐవీ వ్యాప్తి దేశంలో 0.21 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47 శాతం. కాబట్టి కొత్త మందు శక్తిని కాపాడుకోవడం ఉభయ రాష్ట్రాలకూ కీలకం. డోలుటెగ్రావిర్‌కు నిరోధకత అంత సులభంగా రాదు; అలాగని అసలే రాదని చెప్పలేం.

పరీక్ష ఫలితం కోసం చికిత్సను వాయిదా వేయకూడదు. మందు వెంటనే మొదలుపెట్టి, ఫలితాన్ని బట్టి అవసరమైతే మార్చవచ్చు. ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో మందులు ఉచితం. సందేహాలుంటే 1097 ఉచిత ఫోన్ నంబరును సంప్రదించవచ్చు. ఒక్క పూట కూడా తప్పకుండా మందు వేసుకోవడమే నిరోధకతకు అసలైన అడ్డుకట్ట.