దిష్టిచుక్క చాటు మూట

ఏరువాక నాటికి మేఘుడు కరుణించునో లేదో తెలియక, ఏటికి 550 మిల్లీమీటర్లకు అటునిటుగా కురియు వానను నమ్ముకొని బ్రదుకు అనంతపురము మెట్టసీమలో, పండిన వేరుసెనగ యావత్తును అంగడికి తరలించు రైతు సైతము, మరుసటి యేటి విత్తనమునకు కావలసిన కాయలను మాత్రము ఒలువక మూటగట్టి యింటిలోపలి మూలను దాచును. ఒలిచిన గింజ త్వరలోనే మొలకెత్తు శక్తిని కోల్పోవునని అతడెరుగును. 1946లో మదరాసు గిండీలో పుట్టి 1948లో ఈ యూరికి తరలివచ్చిన ఇంజనీరింగు కళాశాలలో, అనగా నేటి జె.ఎన్.టి.యు.లో, చదువు ముగించి బెంగుళూరు బస్సెక్కు మా పిల్లలకును ఇట్టి మూట యొకటి కలదు. ప్రోగ్రాములు తమ యజమాని యభిరుచుల కొరకు చదువు, చుక్కతో పేరు మొదలగు ఆ ఫైళ్ళ మూటను వారు డాట్‌ఫైల్స్ అందురు.

దీని జననమునకు కారణము ఒక యేమరుపాటు. 1970వ దశకపు తొలినాళ్ళలో, అమెరికాలోని బెల్ పరిశోధనశాలయందు యూనిక్సు అను నిర్వహణ వ్యవస్థ రూపుదిద్దుకొనుచుండగా, ప్రతి డైరెక్టరీలోను తన్ను తాను సూచించుకొను ఒంటి చుక్కయు, తన పై డైరెక్టరీని సూచించు జంట చుక్కలును పేర్లుగా వచ్చి చేరెను. ఫైళ్ళ జాబితాను చూపెడి ‘ఎల్‌ఎస్’ ప్రోగ్రాములో ఇవి మాటిమాటికి కనబడుట విసుగు గొలుపగా, కెన్ థాంప్సనో డెన్నిస్ రిచీయో అందులో ఒక చిన్న పరీక్ష చేర్చెను: పేరులోని తొలి యక్షరము చుక్కయైనచో దానిని చూపక దాటిపొమ్ము. పేరునంతను సరిపోల్చవలసిన చోట తొలి యక్షరముతో సరిపుచ్చిన ఈ పొదుపు వలన, చుక్కతో మొదలగు ప్రతి ఫైలును కంటికి మరుగయ్యెను. ఈ వృత్తాంతమును 2012లో లోకమునకు చెప్పిన రాబ్ పైక్, తానును ఆ శాలలో పనిచేసినవాడే యైనను, దీనిని తప్పిదముగనే యెంచెను. నాకు మాత్రము పసిబిడ్డ బుగ్గను తల్లి దిద్దు దిష్టిచుక్క జ్ఞప్తికి వచ్చును.

చాటు దొరికిన పిమ్మట కాపురము పెరుగుటకు ఎంతసేపు? ఆదేశములను అందుకొని నడిపించు 1979 నాటి బోర్న్ షెల్ తన యజమాని యభిరుచులను ‘డాట్ ప్రొఫైల్’లో వెదకెను, 1989లో బ్రయన్ ఫాక్స్ వెలువరించిన బాష్ అను షెల్‌కు ‘డాట్ బాష్ఆర్‌సీ’ యేర్పడెను. ఆ ‘ఆర్‌సీ’ యూనిక్సుకన్న పాతది: 1960వ దశకమున ఎం.ఐ.టి. కంప్యూటరుపై లూయి పూజాన్ వ్రాసిన ‘రన్‌కామ్’, ఫైలులోని ఆదేశములను వరుసగా నడిపించునది, తన పేరును ఇట్లు క్లుప్తముగా వారసులకు విడిచిపోయెను.

ఇందులో తెలుగువాని సొంత సామగ్రియు లేకపోలేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన ‘వేమన’ ఖతిని లినక్సు కంప్యూటరులో తెలుగునకు ముందుగా ఎంచుకొనుమని చెప్పవలెనన్న, చుక్కతో మొదలగు ‘కాన్ఫిగ్’ డైరెక్టరీలో, ఫాంట్‌కాన్ఫిగ్ చదువు ఫైలున కొన్ని పంక్తులు వ్రాసినచో చాలును. కదిరి ప్రాంతపు కటారుపల్లెలో సమాధియున్న కవి పేరు ఇట్లు ఒక చుక్క చాటున నివసించుట చిత్రము.

ఈ సంపద చిరకాలము ఒక్క డిస్కును నమ్ముకొని యుండెను. డిస్కు చచ్చిన నాడు పదేండ్ల అలవాటు దానితో పోయెడిది. దీనికి విరుగుడు రెండు పనిముట్లను జతచేయుటలో దొరకినది. ఫైళ్ళన్నింటిని ఒక డైరెక్టరీకి చేర్చి, అవి యుండవలసిన చోటులందు వానిని చూపు సిమ్‌లింకులను నాటుట మొదటిది. ఇందుకు 1993 నాటి ‘స్టో’ నేటికిని చక్కగా పనిచేయుచున్నది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ నిర్మించిన గిట్ చేత ఆ డైరెక్టరీ చరిత్రను ప్రతి మార్పు వద్దను భద్రపరచుట రెండవది. క్రొత్త కంప్యూటరుపై దానిని క్లోన్ చేసి లింకులు నాటినచో, పాత యిల్లు మరల లేచి నిలుచును. అయితే తొందరలో ‘డాట్ ఎస్ఎస్‌హెచ్’ డైరెక్టరీలోని రహస్యపు కీని సైతము అందరు చూచు రిపాజిటరీకి ఎక్కించువారు కలరు; పొరుగువానికి విత్తనమిచ్చుచు గాదె తాళమును గూడ ఇచ్చుట యన నిదియే.

నా బాష్ఆర్‌సీలో, ఎందుకు వ్రాసితినో జ్ఞప్తికి రాని పంక్తి యొకటి యున్నది. తొలగించుటకు ధైర్యము చాలదు. నిజము తేల్చుకొందమని గిట్ చరిత్రను త్రవ్వి, అది చేరిన నాటి కమిట్ సందేశమును చూచితిని. అందు ‘చిన్న మార్పు’ అని వ్రాసియున్నది.